హాలోవీన్ 13 సినిమాల్లో ఏది ముందు, ఏది వెనక

(నెల్లూరులో షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళ కోసం ఒక సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక వెనక నిలబడ్డ పిల్లకాయలు ముందుకొచ్చి కింద కూర్చోండి. తెర మీద వేసే స్టిల్స్‌లో మూలల్లో ఏముందో చూడాలి, అక్కడి నుంచి కనపడదు.

హాలోవీన్ పేరుతో అమెరికాలో 1978 నుంచి 2022 దాకా 13 హారర్ సినిమాలు వచ్చాయి. వాటికి ఈరోజు ర్యాంకులు ఇద్దాం. ఎన్ని హత్యలు చూపించారు, ఎంత రక్తం పారించారు అనేది నా లెక్కలోకి రాదు. ముసుగు వెనకున్నవాడు ఎందుకు చంపుతున్నాడో చెప్పకుండా సినిమా ఎంతసేపు నిలబడగలిగింది? నేను చూసేది అదొక్కటే. ఈ వరసలో కారణం చెప్పినప్పుడల్లా భయం ఒక మెట్టు దిగింది. వాడు వెంటపడే అమ్మాయి వాడి చెల్లెలన్నారు, శాపమన్నారు, చిన్నప్పుడు ఇంట్లో నరకం చూశాడన్నారు. ఒక్కో కారణం తగిలించే కొద్దీ వాడు మనకు తెలిసినవాడైపోయాడు. తెలిసినవాడంటే అంత భయమేముంటుంది?

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఇల్లినాయ్ రాష్ట్రంలో హాడన్‌ఫీల్డ్ అని ఒక కల్పిత ఊరు. 1963 అక్టోబరు 31 రాత్రి మైకేల్ మయర్స్ అనే ఆరేళ్ళ పిల్లవాడు వంటింటి కత్తితో సొంత అక్కను పొడిచి చంపుతాడు. 15 ఏళ్ళు మానసిక చికిత్సాలయంలో ఉండి, 1978లో తప్పించుకొని అదే ఊరికి వస్తాడు. లారీ స్ట్రోడ్ అనే హైస్కూలు అమ్మాయి వెంట పడతాడు. వాడికి వైద్యం చేసిన డాక్టర్ లూమిస్ వాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. అక్టోబరు 31 అక్కడ హాలోవీన్, పిల్లకాయలు ముసుగులేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడిగే పండగ. మన దగ్గర దసరా వేషాలప్పుడు పులి వేషగాడు ఏ సందు మొగలో నిలబడినా ఎవరూ ఆపి పేరడగరు చూడండి, అట్టాగే ఆ ఒక్కరోజు ముసుగు మనిషి పట్టపగలు వీధిలో నిలబడినా ఎవరూ పట్టించుకోరు. కథకు ఇదే ఇరుసు.

మొదటి ర్యాంకు 1978 నాటి మొదటి సినిమాదే. దీన్ని చివరిదాకా దాచి ఊరించడం నాకిష్టం లేదు. మిగతా పన్నెండింటినీ దీంతోనే కొలవాలి కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

దర్శకుడు జాన్ కార్పెంటర్. స్క్రిప్టు ఆయనా, నిర్మాత డెబ్రా హిల్ కలిసి రాశారు. బడ్జెట్ సుమారు 3 లక్షల డాలర్లు, షూటింగ్ సుమారు 20 రోజులు. అమెరికాలోనే 4 కోట్ల 70 లక్షల డాలర్ల వరకు వసూలు చేసింది. డబ్బు తక్కువైనప్పుడు దాన్ని ఎక్కడ పెట్టారో గమనించండి. పెద్ద భాగం కెమెరాకు పోయింది. వెడల్పాటి బొమ్మ కోసం పానావిజన్ స్కోప్ లెన్సులు, పానాగ్లైడ్. పానాగ్లైడ్ అంటే కెమెరాను ఒంటికి కట్టుకొని కుదుపు లేకుండా నడిచే స్టెడీక్యామ్ లాంటిదే, పానావిజన్ కంపెనీ సొంత రకం. మన తెలుగు ప్రేక్షకులకు ఆ పరికరం సంగతి 1989లో శివతో తెలిసింది. ఇక్కడ 11 ఏళ్ళ ముందే దాన్ని హంతకుడి కళ్ళుగా వాడారు. డాక్టర్ లూమిస్ పాత్రకు పేరున్న నటుడు డొనాల్డ్ ప్లెజెన్స్‌ను 5 రోజులకే తీసుకున్నారు, పారితోషికం 20 వేల డాలర్లు. హీరోయిన్ జేమీ లీ కర్టిస్‌కు 8 వేలు. ముసుగు వేసుకొని నడిచిన నిక్ కాజిల్‌కు రోజుకు 25 డాలర్లు.

ముసుగు కథ మీకు పనికొచ్చేది. ఆర్ట్ డైరెక్టర్ టామీ లీ వాలెస్ రెండు రబ్బరు ముసుగులు తెచ్చాడు. ఒకటి నవ్వే బఫూన్‌ది. ఇంకొకటి స్టార్ ట్రెక్‌లో కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ ముఖం, ధర 2 డాలర్ల లోపు. రెండోది ఖాయమైంది. కనుబొమలు, చెంపల జుట్టు పీకేశారు, కళ్ళ రంధ్రాలు పెద్దవి చేశారు, జుట్టు చెరిపారు, ముఖమంతా తెల్ల స్ప్రే పెయింట్ కొట్టారు. బఫూన్ ముఖంలో ముందే ఒక భావం ఉంది. ఈ ముఖంలో ఏమీ మిగల్లేదు. కోపం లేదు, నవ్వు లేదు. చూసేవాడు తన భయాన్ని దానిమీద వేసుకుంటాడు. కారణం చెప్పకపోవడమంటే ఏమిటో ఆ ముసుగులోనే ఉంది.

మొదటి షాటు సుమారు 4 నిమిషాలు. కెమెరా వీధిలో మొదలై, ఇంటి పక్కగా తిరిగి, వెనక తలుపులోంచి వంటగదిలోకి వెళ్ళి, సొరుగులోంచి కత్తి తీసుకొని, మెట్లెక్కి, కిందపడున్న ముసుగు తీసి తొడుక్కొని, అక్కను పొడిచి, మళ్ళీ మెట్లు దిగి వీధిలోకి వస్తుంది. అప్పుడు ఎవరో ముసుగు లాగేస్తే ఎదురుగా ఆరేళ్ళ పిల్లవాడు. ఒకటే షాటులా అనిపిస్తుంది, కాదు. ముసుగు కళ్ళకు అడ్డంపడి తెరంతా రెండు రంధ్రాలుగా మారినచోట అతుకు దాచారు. కత్తి తీసుకునే చేయి పిల్లవాడిది కాదు, డెబ్రా హిల్‌ది. ఆ ఇల్లు నిజానికి పాడుబడ్డది. పాడుబడ్డ ఇల్లుగా అవసరమైన సీన్లన్నీ ముందు తీసేసి, యూనిట్ మొత్తం కలిసి రంగులేసి, సామాను సర్ది, ఈ మొదటి షాటును షూటింగ్ చివర్లో తీశారు. లొకేషన్ ఒకటే అయినప్పుడు షెడ్యూలు ఎట్టా వేసుకోవాలో ఇక్కడ నేర్చుకోవచ్చు.

కథ శరత్కాలంలో జరగాలి, తీసింది వసంతంలో, కాలిఫోర్నియాలో. అందుకని ఆకులకు ఎండిన రంగులేసి వీధిలో చల్లి, షాటయ్యాక ఏరి బస్తాల్లో నింపి, తర్వాతి వీధిలో మళ్ళీ చల్లారు. వెనక చెట్లు పచ్చగానే ఉంటాయి, ఒకటి రెండు చోట్ల తాటిజాతి చెట్లు కూడా దొరికిపోతాయి. మన కన్ను మాత్రం కింద ఎండుటాకుల మీదే ఉంటుంది.

ఇప్పుడు ఈ స్టిల్ చూడండి. లారీ తన గది కిటికీలోంచి కిందికి చూస్తోంది. పెరట్లో ఆరేసిన దుప్పట్ల మధ్య వాడు నిలబడి ఉన్నాడు. పగలు. సంగీతం గట్టిగా మోగదు, కెమెరా దూసుకుపోదు. మళ్ళీ చూస్తే లేడు. స్కోప్ ఫ్రేములో మనిషి ఒక పక్కనుంటే మిగతా వెడల్పంతా ఖాళీ. ఆ ఖాళీని మన కన్ను వెతుక్కుంటుంది. కెమెరామన్ డీన్ కండీ పనితనమంతా ఆ ఖాళీలో ఉంది. పాత టీవీ ప్రింట్లలో పక్కలు కత్తిరించి చతురస్రంగా చూపించినప్పుడు బొమ్మలో 40 శాతానికి పైగా పోయింది. పోయింది సరిగ్గా భయం ఉన్న భాగమే. పక్కలు తెగిన ప్రింటులో చూస్తే ఈ సినిమా చూసినట్టు కాదు.

కాలం లెక్క కూడా చూడండి. నిడివి 91 నిమిషాలు. మొదటి హత్య తర్వాత మన కళ్ళముందు జరిగే మరో మనిషి హత్య దాదాపు గంట దగ్గర పడ్డాక. మధ్యలో ఒక మెకానిక్ శవాన్ని చూపిస్తారు, ఒక కుక్క చస్తుంది, అంతే. అంతసేపూ వాడు పొద మాటున, కారులో, బడి ఎదురుగా నిలబడి చూస్తుంటాడు. రక్తం చాలా తక్కువ. బాబ్ అనే కుర్రాణ్ణి కత్తితో తలుపుకు గుచ్చేశాక, వాడు కొంచెంసేపు నిలబడి తల ఒకవైపుకు, మరోవైపుకు వంచి చూస్తాడు. అన్నీ కలిపి కొన్ని సెకన్లు. వాడి లోపలేముందో ఆ తలవంపు ఏమీ చెప్పదు, ఏదో ఉందని మాత్రం తెలుస్తుంది.

ఇంకొక షాటు. లారీ ఏడుస్తూ తలుపుకు ఆనుకొని ఉంటుంది, ఆమె పక్కన చీకటి గుమ్మం. ఆ చీకట్లో తెల్లముఖం మెల్లమెల్లగా తేలుతుంది. మనిషి కదల్లేదు, ముందు నుంచీ అక్కడే ఉన్నాడు. చిన్న లైటును డిమ్మర్ మీద పెట్టి నిదానంగా పెంచారు. ఈ వరసలో వందకు పైగా హత్యలున్నాయి, వాటన్నింటినీ ఈ ఒక్క డిమ్మర్ షాటుకు ఇచ్చేస్తాను.

సంగీతం కార్పెంటరే, మూడు రోజుల్లో చేశాడు. పియానో మీద ఆ వరస వినండి, కాలు కదిపి లెక్కపెట్టండి: తకిట తకిట తక తక. మూడు, మూడు, రెండు, రెండు, మొత్తం పది. అంటే ఐదు పూర్తి దెబ్బలు. మామూలు పాటలకు అలవాటైన చెవి నాలుగు దగ్గర ఆగబోతుంది, ఇది ఆగనివ్వదు. ఈ ఐదు లెక్కను చిన్నప్పుడు తండ్రి బాంగోల మీద నేర్పించాడని ఆయనే చెప్పాడు.

చివర్లో లూమిస్ ఆరు గుళ్ళు పేలుస్తాడు, వాడు బాల్కనీ నుంచి కింద పడతాడు. వంగి చూస్తే శవం లేదు. తర్వాత ఖాళీ గదులు, మెట్లు, ఇంటి ముందు వాకిలి ఒక్కొక్కటే తెర మీద వస్తుంటాయి, వాటిమీద వాడి ఊపిరి శబ్దం. ఎక్కడైనా ఉండొచ్చు. డాక్టరు కూడా సినిమా మొత్తం వాడి కళ్ళలో చెడు తప్ప ఇంకేం కనపడలేదని అంటాడే గానీ కారణం చెప్పడు.

ఇక అడుగు నుంచి పైకి వద్దాం.

13వ స్థానం 2002లో వచ్చిన రెసరెక్షన్. ఇంటర్నెట్ షో కోసం కొందరు కుర్రాళ్ళు తలకు కెమెరాలు కట్టుకొని మయర్స్ ఇంట్లో ఒక రాత్రి గడపడం కథ. ఆలోచన చెడ్డది కాదు. చెడింది ఎక్కడంటే, వెబ్‌క్యామ్ బొమ్మకూ సినిమా బొమ్మకూ మధ్య ఇష్టమొచ్చినట్టు దూకుతుంటే ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలీదు. తెలియనప్పుడు ఉత్కంఠ పుట్టదు. పైగా లారీని మొదటి పావుగంటలోనే చంపేశారు. దీని ముందు సినిమా హెచ్20లో తల తెగింది మైకేల్‌ది కాదు, బట్టలు మార్చుకున్న అంబులెన్సు మనిషిదని తేల్చారు. ముందు సినిమాకు దక్కిన మంచి ముగింపును కూడా చెడగొట్టిన సీక్వెల్‌ను చివరన పెట్టక తప్పదు.

12వది 1995 నాటి ఆరో పార్టు, 11వది 1989 నాటి ఐదో పార్టు. ఈ రెండూ ఒకే జబ్బు. నాలుగో పార్టు 1988 అక్టోబరులో ఆడింది, ఐదోది సరిగ్గా ఏడాదికల్లా థియేటర్లలో ఉండాలన్నారు. స్క్రిప్టు తేలకముందే షూటింగ్ మొదలైంది. నల్లకోటు మనిషి ఒకడు బస్సు దిగి ఊళ్ళో తిరుగుతాడు, వాడెవరో తీస్తున్నవాళ్ళకే తేలలేదు. ఆ అప్పు ఆరో పార్టు తీర్చాల్సొచ్చింది. తీర్చడానికి ఒక రహస్య ముఠాను, థార్న్ అనే పాతకాలపు శాపాన్ని తెచ్చారు. వాడు చంపేది శాపం వల్లనట. అక్కడితో ఆ ముసుగు ఉత్త రబ్బరు తొడుగైపోయింది. దానికి తోడు ప్రివ్యూ బాగా పోలేదని చాలా భాగం మళ్ళీ తీశారు. అప్పటికే 1995 ఫిబ్రవరిలో ప్లెజెన్స్ కన్నుమూశారు, ఆయన లేకుండానే అతుకులేశారు. నిర్మాతల కట్ అనే మొదటి రూపం అధికారికంగా 2014లో డిస్క్ మీద వచ్చింది. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకే ఫుటేజీ రెండు రకాలుగా ఎట్టా విరుగుతుందో కనపడుతుంది. ఐదో పార్టులో బట్టలు కిందికి జార్చే గొట్టంలో పాప దాక్కున్న సీను మాత్రం నిజంగా బాగుంది. ఇరుకు, చీకటి, ఇనుప రేకు మీద కత్తి పోటు. అందుకే ఆరోదానికంటే ఒక మెట్టు పైన.

10వది 2021లో వచ్చిన కిల్స్. ఊరంతా కర్రలు పట్టుకొని వీధిన పడి, ఆసుపత్రిలో ఒక అమాయకుణ్ణి మైకేల్ అనుకొని తరిమి చావుకు నెడుతుంది. విషయం గొప్పది. కానీ 1988 నాటి నాలుగో పార్టులో తాగుబోతుల గుంపు పొదల్లో కదిలినవాణ్ణి కాల్చేసి, తర్వాత చూస్తే తమ ఊరివాడే. ఆ సంగతి అక్కడ కాసేపట్లో అయిపోతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక్కడ అదే సంగతిని కేకలేస్తూ సినిమా అంతా సాగదీశారు. లారీ పాత్రను ఆసుపత్రి మంచానికి కట్టేయడం రెండో తప్పు.

9వది రాబ్ జాంబీ 2007లో చేసిన రీమేక్, 8వది ఆయనే 2009లో తీసిన దాని రెండో భాగం. రీమేక్ దాదాపు సగం మైకేల్ బాల్యమే. అమ్మతో ఉంటూ తిట్టిపోసే మనిషి, బడిలో ఏడిపించే పిల్లలు, వీధిలో అవమానాలు. సీన్లు విడివిడిగా బాగానే తీశాడు, నటులు బాగా చేశారు. కానీ అవి చూశాక ఆరున్నర అడుగులు దాటిన టైలర్ మేన్ ముసుగేసుకొని వస్తుంటే, అయ్యో ఈ పిల్లవాడు ఇట్టా అయ్యాడే అనిపిస్తుంది, వెన్నులో చలి రాదు. జాలి, భయం ఒకే ముఖం మీద ఒకేసారి పట్టవు. రెండో భాగం 16 ఎంఎం ఫిల్ము మీద తీశారు. బొమ్మ గరుకుగా, తడిగా, చలిగా ఉంటుంది. తెల్లగుర్రం కలలు అందరికీ నచ్చవు. కానీ దాడి జరిగిన తర్వాత బతికున్న అమ్మాయి మనసు ఎట్టా ముక్కలవుతుందో ఈ వరసలో ఇంత నిజాయితీగా చూపించింది ఇదొక్కటే. విమర్శకులు దీన్ని చాలా తక్కువ చేశారు. నేను ఒప్పుకోను.

7వది 2022 నాటి ఎండ్స్. కోరీ అనే కుర్రాడు, ఒక ప్రమాదంలో పిల్లవాడు చనిపోయిన తర్వాత ఊరంతా వెలేసినవాడు, మెల్లగా మైకేల్ నీడలోకి జారతాడు. మొదటి పది నిమిషాలు, ఆ మెట్ల దగ్గర జరిగే ప్రమాదం, లెక్క తప్పని కొలత. అడ్డగోడ ఎత్తు, తలుపు తెరుచుకునే దిక్కు, కిందనుంచి పైకి చూసే తల్లిదండ్రులు, అన్నీ ముందే కంటికి అలవాటు చేసి దెబ్బ కొట్టారు. కానీ 2018లో మొదలై కిల్స్ మీదుగా వచ్చిన కథకు ఆఖరి భాగమైన దీంట్లో, ముగింపుకు ముందు కొత్త మనిషిని తెస్తే, జనం 40 ఏళ్ళుగా ఎదురుచూసిన లారీ, మైకేల్ పోరు ఆఖరి కొద్ది నిమిషాల్లో ఇరుక్కుపోయింది.

6వది హెచ్20, 1998. దర్శకుడు స్టీవ్ మైనర్, నిడివి 86 నిమిషాలు. ఇందులో ముసుగు తంటా తెలుసుకోవాలి. షూటింగ్ మధ్యలో ముసుగు నచ్చక మార్చారు. కొన్ని సీన్లు మళ్ళీ తీశారు, కొన్ని అట్టాగే ఉంచారు, ఒకచోట కంప్యూటర్ మీద చేసిన ముసుగు అతికించారు. సీను సీనుకీ ముఖం మారుతుంటుంది. ముసుగు మనిషి కథలో ముఖం మారిందంటే ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుంది. నేపథ్య సంగీతంలో కూడా స్క్రీమ్ సినిమాలకు చేసిన ముక్కలు తెచ్చి కలిపారు. ఇన్ని ఉన్నా దీన్ని ఆరులో నిలబెట్టింది ఒక తలుపు. గుండ్రటి అద్దం ఉన్న తలుపుకు అటు లారీ, ఇటు వాడు, 20 ఏళ్ళ తర్వాత ముఖాముఖి. ఆ తర్వాత ఆమె పిల్లల్ని పంపించేసి, గేటు మూసి, గొడ్డలి పట్టుకొని వాడి పేరు పెట్టి పిలుస్తుంది.

5వది 1981 నాటి రెండో పార్టు. అదే రాత్రి, మొదటి సినిమా ఆగినచోటే మొదలు. కెమెరా మళ్ళీ డీన్ కండీ, అందుకే బొమ్మ మొదటిదానికి తమ్ముడిలా ఉంటుంది. దర్శకుడు రిక్ రోసెంతాల్. రఫ్ కట్ చూసి చప్పగా ఉందని కార్పెంటరే కొన్ని హత్యలు అదనంగా తీసి కలిపాడు. నెత్తురు పెరిగింది, వేచి ఉండటం తగ్గింది. చెల్లెలి సంగతి పుట్టింది ఇక్కడే. మొదటి సినిమాను టీవీలో వేసేటప్పుడు నిడివి చాలక, ఈ రెండోదాని షూటింగులో అదనపు సీన్లు తీసి అందులో కలిపారు, తలుపు మీద చెల్లెలని గీసిన మాటతో సహా. అంటే కారణం లేని సినిమాకు మూడేళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి కారణం అతికించారు. ఆసుపత్రిలో మనుషులే లేకపోవడం ఇంకో లోపం. మన పొగతోట ఆసుపత్రుల్లో అర్ధరాత్రి రెండింటప్పుడు కూడా పేషెంట్ల తాలూకు మనుషులు వరండాలో చాపలేసుకొని పడుకొని ఉంటారు. ఆసుపత్రి ఖాళీగా ఉందంటే ఎందుకు ఖాళీయో ఒక్క మాట పడాలి. హంతకుడి కారణం దాచండి, లొకేషన్ కారణం దాచకండి.

4వది 1988 నాటి నాలుగో పార్టు. జేమీ లీ కర్టిస్ లేదు, కార్పెంటర్ లేడు. రచయితల సమ్మె మొదలయ్యేలోగా స్క్రిప్టు చేతికి రావాలి, అలెన్ మెకెల్‌రాయ్ 11 రోజుల్లో రాసిచ్చాడు. డ్వైట్ లిటిల్ దర్శకత్వం. మొదటి రెండు నిమిషాలు పొలాలు, దిష్టిబొమ్మలు, మబ్బు పట్టిన ఆకాశం, గాలి. పండగ ఊరి మీదికి దిగుతున్నట్టుంటుంది. లారీ కూతురు, చిన్నపాప జేమీగా డేనియల్ హారిస్ ఏడిస్తే అది నటనలా ఉండదు. లోపాలున్నాయి. బడి సీనులో ఒక షాటులో ముసుగుకు నల్లజుట్టు పోయి లేతరంగు జుట్టు వస్తుంది, వేరే ముసుగు తొడిగి తీసేశారు, ఎడిటింగ్‌లో పట్టుకోలేదు. కంటిన్యుటీ చూసే మనిషి ఎందుకు కావాలో ఇదొక్కటి చాలు. ముగింపు మాత్రం మొదటి సినిమాకు దీటు. బఫూన్ బట్టల్లో చిన్నపిల్ల, చేతిలో కత్తెర, అదే కళ్ళలోంచి చూసే కెమెరా, మెట్ల కింద లూమిస్ అరుపు. ఎందుకని ఎవరూ చెప్పరు.

3వ స్థానం వినగానే కొందరికి నచ్చకపోవచ్చు. 1982 నాటి సీజన్ ఆఫ్ ది విచ్. ఇందులో మైకేల్ లేడు. ఏటా ఒక కొత్త కథ, పండగ ఒక్కటే ఉమ్మడి అన్న ఆలోచనతో తీశారు. దర్శకత్వం ముసుగు చేసిన టామీ లీ వాలెస్‌దే, కెమెరా కండీదే. మైకేల్ లేడని జనం నిరాశపడ్డారు, వసూళ్ళు కోటీ 40 లక్షల డాలర్ల దగ్గర ఆగాయి, రెండో పార్టుకు రెండున్నర కోట్లు వచ్చాయి. కథ ఇది: ఒక బొమ్మల కంపెనీ మూడు రకాల ముసుగులు అమ్ముతుంది, పుర్రె, మంత్రగత్తె, గుమ్మడికాయ. వాటిలో ఇంగ్లండ్ స్టోన్‌హెంజ్ రాయి ముక్కలు దాచిన చిప్‌లుంటాయి. పండగ రాత్రి టీవీలో సంకేతం రాగానే తొడుక్కున్న పిల్లలు చస్తారు. టీవీలో పదే పదే వచ్చే ప్రకటన, లండన్ బ్రిడ్జ్ పద్యం బాణీలో పండగకు ఇంకెన్ని రోజులో లెక్కపెడుతుంది. మొదటిసారి ముద్దుగా ఉంటుంది. అదే బాణీ, అదే గొంతు, రోజులు మాత్రం తగ్గుతుంటాయి. ఒక్క షాటు మార్చకుండా, తిరిగి వినిపించడంతోనే భయం పెంచారు. చివర్లో హీరో ఫోనులో టీవీ వాళ్ళను ప్రకటన ఆపమని బతిమాలుతుంటాడు. ఒక ఛానెల్ ఆగింది, రెండోది ఆగింది, మూడోది ఆగలేదు. అరుస్తూనే ఉంటాడు, సినిమా అయిపోతుంది. పైసా ఖర్చు లేకుండా భయపెట్టడం నేర్చుకోవాలంటే ఈ సినిమానే చూడాలి.

2వది 2018. డేవిడ్ గార్డన్ గ్రీన్ దర్శకుడు, బ్లమ్‌హౌస్ నిర్మాణం, ప్రపంచమంతా కలిపి 25 కోట్ల డాలర్లు దాటిన వసూలు. మొదటి సినిమా తప్ప మధ్యలో వచ్చినవన్నీ పక్కనపెట్టారు. వాడు లారీకి అన్న కదా అని ఒకడడిగితే, అది జనం పుట్టించిన మాటని మనవరాలు కొట్టిపారేస్తుంది. ఒక్క డైలాగుతో 37 ఏళ్ళ బరువు దించారు. వాడు మళ్ళీ ఎవరికీ ఏమీ కాడు.

పండగ రాత్రి వాడు ఊళ్ళోకి దిగే షాటు చూడండి. పిల్లకాయల మధ్య నడుస్తూ వచ్చి ఒక షెడ్డులో సుత్తి తీసుకుంటాడు. వంటగదిలో ఒకావిడను దానితో చంపి, సుత్తి అక్కడ పెట్టి కత్తి అందుకుంటాడు. ఉయ్యాలలో పసిబిడ్డ ఏడుస్తుంటే ఆగి, చూసి, వదిలేసి పోతాడు. ఎందుకు వదిలాడు? చెప్పరు. కెమెరా కట్ లేకుండా వెంట వెళ్ళి, తర్వాతి హత్యను వీధిలో నిలబడి కిటికీలోంచి చూపిస్తుంది. ఇంకోచోట పెరట్లో మనిషి కదిలితే వెలిగే లైటు ఉంటుంది, వెలిగినప్పుడు ఒకచోట, ఆరి మళ్ళీ వెలిగేసరికి దగ్గరగా వాడు. 1978 డిమ్మర్ షాటుకు ఇది సరైన వారసుడు. సంగీతం మళ్ళీ కార్పెంటరే, కొడుకు కోడీ, డేనియల్ డేవీస్‌తో కలిసి. మొదటి స్థానానికి అడ్డం పడిందేమిటంటే, మైకేల్ బుర్రలో ఏముందో తెలుసుకోవాలని పిచ్చెక్కిన డాక్టర్ సార్టేన్ చేసే మలుపు. కారణం వద్దనుకున్న సినిమా, కారణం వెతికే మనిషికి పావుగంట ఇచ్చింది.

ఇప్పుడు ఫోనుతో తీసే పిల్లకాయల కోసం నాలుగు మాటలు. డిమ్మర్ షాటు మీరూ చెయ్యొచ్చు. కానీ చవక ఎల్‌ఈడీని బాగా తగ్గిస్తే వణుకుతుంది, తెర మీద నల్లచారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, షట్టర్‌ను 50లో ఒకటో వంతుకు లాక్ చేయండి. అప్పటికీ చారలు పోకపోతే లైటు వెలుగు తగ్గించొద్దు, లైటు ముందు అట్ట పెట్టి దాన్ని మెల్లగా జరపండి. ఎక్స్‌పోజర్ ఆటోలో ఉంటే ఫోనే చీకటిని తెల్లగా చేసి మీ పని పాడుచేస్తుంది, అదీ లాక్ చేయాలి. రబ్బరు ముసుగు మీద మామూలు స్ప్రే పెయింట్ మందంగా కొడితే దవడ దగ్గర మడత పడ్డచోట పగిలి రాలుతుంది. పల్చగా రెండు మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. తొడుక్కొని కొట్టకూడదు, వాసన పోయేదాకా తొడుక్కోకూడదు. మన ఎండకు లోపల చెమటతో ఊపిరాడదు, షాటుకూ షాటుకూ మధ్య తీసేయండి. ఇంకొకటి, మూలాపేట సందుల్లో రాత్రిపూట ముసుగు, కత్తితో షూటింగ్ అంటే ముందుగా పోలీసు స్టేషన్లో, ఆ వీధి వాళ్ళకూ చెప్పి ఉండాలి. కత్తి అట్టదో రబ్బరుదో అయ్యుండాలి.

(సభలో ఒకరు: సార్, 13 చూసే ఓపిక లేదు, ఏ వరసలో ఏవి చూడమంటారు?)

మూడు రాత్రులు చాలు. మొదటి రాత్రి 1978, స్కోప్ ప్రింటు, లైట్లన్నీ ఆర్పి, ఫోను స్పీకరు మీద కాకుండా మంచి హెడ్‌ఫోన్లతో. ఆ సింథసైజర్ అడుగు శబ్దం ఫోనులో వినపడదు. రెండో రాత్రి 2018. మూడో రాత్రి 1982 సినిమా, దానికి ముందూ వెనకా ఏదీ తెలియక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఆకలుంటే 1981, 1988 ఒకదాని తర్వాత ఒకటి చూసి అక్కడ ఆపేయండి. 1989 జోలికి పోవద్దు, పోతే 1995 దాకా లాక్కెళ్తుంది.

(ఇంకొకరు: ఇంట్లో పదేళ్ళ పిల్లలున్నారు, మొదటిది రక్తం లేదన్నారు కదా, చూపించొచ్చా?)

వద్దమ్మా. అమెరికాలోనే దానికి, పెద్దవాళ్ళు తోడుంటేనే పిల్లలు చూడాలనే ఆర్ సర్టిఫికెట్ ఇచ్చారు, నగ్న దృశ్యాలు కూడా ఉన్నాయి. రక్తం తక్కువే, కానీ గదిలో చీకటి మూలను చూసి భయపడటం నేర్పిస్తుంది అది. ఆ వయసు పిల్లలు వారం రోజులు ఒంటరిగా పడుకోరు. ఇంటర్ దాటాక వాళ్ళే చూస్తారు.